నడక పుస్తకానికి తప్పొప్పుల పట్టిక

ఆమె ఉద్యోగమే తప్పులు పట్టడం. పాతికేళ్లుగా ఒక అచ్చాఫీసులో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతోంది. ఒత్తు జారినా, కామా ఎక్కువైనా, ఒకే మాట ఏడో పేజీలో ఒకలా, డెబ్భయ్యో పేజీలో ఇంకోలా పడినా ఆమె ఎర్రకలం అక్కడ ఆగేది. అచ్చాఫీసులో అందరూ ఆమెను ప్రూఫక్క అనేవారు. ఆ పేరు ఎలాగో ఆదివారం నడకవాళ్లకూ చేరి, అక్కడ కూడా అదే స్థిరపడిపోయింది.

ఆదివారం నడక అంటే తొమ్మిది మంది మనుషులు. ఊరి చివర మూతబడిన నీటిశుద్ధి కేంద్రం ఒకటి ఉంది. దాని వెనక ఇరవై ఎకరాల్లో చెట్లూ పొదలూ అడిగేవాళ్లు లేక ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం పొద్దున్నే అందరినీ అక్కడికి తీసుకెళ్లేవారు. నేల మీద, మాను మీద, ఆకు అడుగున ఏ పుట్టగొడుగు కనిపించినా, ఏ పురుగు కదిలినా ఆయన పేరు చెప్పేవారు. ప్రూఫక్క రాసుకునేది. తేదీ, చోటు, వాన పడిందా లేదా, పక్కనే చిన్న బొమ్మ. నాలుగేళ్లలో ఆ లావుపాటి నడక పుస్తకంలో నాలుగు వందల పన్నెండు నమోదులు పడ్డాయి.

గేటు పక్కన అద్దాల తలుపున్న బోర్డు ఒకటి ఉండేది. నెలకోసారి ప్రూఫక్క ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఈ నెల కనిపించినవి' అని ఒక కాగితం రాసి అందులో పెట్టేది. తాళంచెవి తోటమాలి దగ్గర ఉండేది. అతను పంపుగది పక్కన రెండు గదుల ఇంట్లో భార్యతో, తల్లితో కాపురముండేవాడు. ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివేది బహుశా అతనొక్కడే. మిగతావాళ్లు బొమ్మలు చూసి వెళ్లిపోయేవాళ్లు.

ఆ ఏడాది వానలు తొందరగా పడ్డాయి. పంపుగది ముందు గడ్డిలో తెల్లటి పెద్ద పుట్టగొడుగులు లేచాయి. పైన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరంలాంటి అంచు. మాస్టారు వంగి చూసి, "గొడుగు జాతిదే, అనుమానం లేదు" అన్నారు. ఆమె రాసుకుంది. ఇంటికొచ్చి నెల కాగితం తయారుచేస్తుంటే అడుగున ఒక లైను ఖాళీగా మిగిలింది. పేజీలో ఖాళీ లైను కనిపిస్తే ఆమెకు చేయి ఊరుకోదు. ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకం తిప్పి, అలాంటి బొమ్మ పక్కన ఉన్న మాట చూసి, ఆ లైనులో 'తినదగినది' అని చేర్చింది.

సోమవారం ఆమె ఆరో తరగతి భూగోళం పుస్తకం దిద్దుతుండగా మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మా, మన తోటమాలి వాళ్లు ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారట. నిన్న మధ్యాహ్నం పుట్టగొడుగులు వండుకు తిన్నారట."

"ఎక్కడివి?"

పంపుగది ముందరివేనని చెప్పారాయన. ఆమె కలం మూతపెట్టి లేచింది. ఏమైందని ఫోర్‌మన్ అడిగాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆసుపత్రి వరండాలో తోటమాలి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతికి సెలైన్ సూది. మొహం పీక్కుపోయింది. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చో నాయనా, కూర్చో. అమ్మ ఎలా ఉంది?"

"లోపల ఉంది మేడం. వాంతులు తగ్గలేదు. అమ్మ వద్దనే అంది. తెలియనివి ముట్టుకోవద్దురా అంది. నేనే, బోర్డు మీద రాశారు, చదువుకున్నవాళ్లు చూసి రాశారని…" అని ఆగిపోయాడు. అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

వార్డు డాక్టరు చిన్నవయసు ఆవిడ. రాత్రంతా నిద్రలేని కళ్లు. "తిన్న రెండు గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. అలాగైతే సాధారణంగా కడుపు బాధతోనే పోతుంది. కానీ రెండు రకాలు కలిపి వండి ఉంటేనే నా భయం. కొన్ని రకాలు నెమ్మదిగా కాలేయాన్ని పట్టుకుంటాయి. బోర్డు మీద రాసింది మీరేనటగా? అది ఏ రకమో ఖచ్చితంగా చెప్పగలరా?"

నాలుగేళ్లుగా ఎవరేమడిగినా పుస్తకం తిప్పి పేరు చెప్పిన మనిషి ఆమె.

"చెప్పలేనండి" అంది ప్రూఫక్క. "కానీ తెలుసుకుని చెబుతాను. సాయంత్రం దాకా టైమివ్వండి."

మాస్టారు ఎవరెవరినో పట్టుకుని వ్యవసాయ కళాశాలలో పుట్టగొడుగుల మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసరమ్మ నంబరు సంపాదించారు. ఆవిడ ఫోనులో గబగబా చెప్పింది: "వండకుండా మిగిలినవి చెత్తబుట్టలో ఉంటాయి, చూడండి. కాడ తీసేసి, గొడుగు తెల్లకాగితం మీద బోర్లించి పైన గిన్నె మూయండి. నాలుగైదు గంటల్లో కింద పొడి రాలుతుంది. దాని రంగు నాకు చెప్పండి, తెల్లగా ఉంటే ప్రమాదం కావచ్చు. ఒక్కటి కాదు, ఎన్ని దొరికితే అన్నీ పెట్టండి."

తోటమాలి ఇంటి వెనక చెత్తబుట్టలో నాలుగు గొడుగులు దొరికాయి. ప్రూఫక్క భర్తది ఆసుపత్రి వీధిలోనే కళ్లద్దాల దుకాణం. ఆయన బేరాలు పక్కనపెట్టి బల్ల ఖాళీ చేశాడు. నాలుగు కాగితాలు, నాలుగు గొడుగులు, పైన ఇంటినుంచి తెచ్చిన నాలుగు గిన్నెలు. వాటి ముందు ఆమె స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనం ఊసెత్తలేదు.

"తెల్లగా రాలితే?" అన్నాడు భర్త మెల్లగా.

"పరిగెత్తి డాక్టరుకు చెప్పాలి."

ఆయన లోపలికి వెళ్లాడు. తాను చిన్నచిన్న మరలు చూసుకునే భూతద్దం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

నాలుగున్నరకు మొదటి గిన్నె ఎత్తింది. గొడుగు తీస్తే కాగితం మీద బండిచక్రం ఆకుల్లా గీతలు గీతలుగా పొడి రాలి ఉంది. పాచిరంగు. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అదే పచ్చరంగు. ఫోనులో ప్రొఫెసరమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "కడుపును నానా హింసా పెడుతుంది గానీ ప్రాణం మీదికి తెచ్చే రకం కాదు. కాగితాలు డాక్టరుకు చూపించండి. గొడుగు లేతగా ఉన్నప్పుడు కింద మడతలు తెల్లగానే ఉంటాయి. మంచిదనుకుని చాలామంది మోసపోతారు. మీరొక్కరే కాదు."

ఆ చివరి మాట ఓదార్పుకే అన్నదైనా, ఆమె దాన్ని తీసుకోలేదు.

తోటమాలి, అతని భార్య మర్నాడు ఇంటికొచ్చారు. తల్లికి మాత్రం ఒంట్లో నీరంతా పోయి నాలుగు రోజులు పట్టింది.

శుక్రవారం మాస్టారింటి వరండాలో నడకవాళ్లంతా చేరారు. ఎవరూ ఎవరి మొహం సూటిగా చూడడంలేదు.

"పేరు చెప్పింది నేను" అన్నారు మాస్టారు. "కాదనను. కానీ ఇది నలుగురి నోళ్లలో పడితే గేటుకు తాళం వేస్తారు. నడకే ఉండదు. ఆ కాగితం తీసేసి ఊరుకుందాం. వాళ్లూ మనల్ని ఏమీ అడగలేదుగా."

"అందరూ బాగైపోయారు కూడా" అంది బ్యాంకులో పనిచేసే ఆవిడ.

"మాస్టారూ" అంది ప్రూఫక్క, "పుస్తకం అచ్చయ్యాక తప్పు బయటపడితే మేం ఆ పేజీ చింపం. తప్పొప్పుల పట్టిక వేస్తాం. ఎక్కడ తప్పో, ఒప్పేదో అందరికీ కనబడేలా. మీరు చెప్పింది పేరు. తినదగినదని రాసింది నేను, నా అంతట నేను. అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి. మాటే తప్పు."

"ఒక్క మాటకు ఇంత చెయ్యాలా అమ్మా?"

"ఒక్కటే తప్పని మనకెలా తెలుసు? నాలుగు వందల పన్నెండూ అలాగే రాశాంగా."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు ఆమె గేటు దగ్గరికి వెళ్లేసరికి బోర్డు ఖాళీగా ఉంది. తోటమాలి కాగితం పీకేసి తాళం వేసేశాడు. ఆమె తన కాగితాన్ని గేటు ఊచకు దారంతో కట్టింది. 'పోయిన నెల కాగితంలో పంపుగది ముందరి తెల్ల పుట్టగొడుగు తినదగినదని రాశాను. అది తప్పు. తిన్న ముగ్గురికి జబ్బు చేసింది. దయచేసి ఎవరూ ముట్టుకోకండి. రాసినది నేను.' కింద సంతకం పెట్టింది.

తర్వాత తోటమాలి ఇంటికి వెళ్లింది. అతని తల్లి మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. చిన్న మనిషి. జబ్బుతో ఇంకా చిన్నదైంది. గొంతు మాత్రం తగ్గలేదు.

"నువ్వేనా ఆ రాసే అమ్మాయివి?"

"నేనే పెద్దమ్మా. తప్పయిపోయింది. ఆ మాట చెబుదామనే వచ్చాను."

"తప్పయిందని నా పేగులకు చెప్పు. నాలుగు రోజులు మెలిపెట్టాయి. నా కొడుకు నీ కాగితం కళ్లకద్దుకుని చదివేవాడు. వద్దురా అంటే నన్నే దబాయించాడు. నీకేం తెలుసు, వాళ్లు పుస్తకాలు చూసి రాస్తారని." ఆవిడ కాసేపు ఆయాసపడింది. "నీకది ఏంటో నిజంగా తెలుసా అప్పుడు?"

"తెలియదు."

"మరి తెలియదని రాయొచ్చుగా! అంత పెద్ద కాగితం మీద ఆ మాటకు చోటు లేకపోయిందా?"

ప్రూఫక్కకు కన్నీళ్లొచ్చాయి. అయినా తల వంచుకోలేదు. "ఇకమీదట రాస్తాను" అంది.

"రాస్తావో లేదో చూస్తాగా" అని ఆవిడ గోడవైపు తిరిగిపోయింది.

ఆ వారమే ఆమె పని మొదలుపెట్టింది. నడక పుస్తకంలో ప్రతి నమోదు పక్కనా ఎర్రసిరాతో గడులు గీసింది. సరే, తప్పు, తెలియదు. ఫొటో గానీ, పొడి అచ్చు గానీ, పురుగే గానీ కళ్లముందు లేకుండా 'సరే' గడిలో టిక్కు పెట్టకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. లేనివాటిని మళ్లీ అదే రుతువులో, అదే చోట వెతకాలి. దొరికినవాటిని ప్రొఫెసరమ్మకు పంపాలి. ఆవిడ మొదట్లో ముక్తసరిగా జవాబిచ్చేది. మూడు నెలలయ్యాక తనే ఫోన్ చేసి, "ఏమ్మా, ఈ వారం ఏమీ రాలేదేం?" అనడం మొదలుపెట్టింది.

తప్పులు ఒకటొకటే బయటపడ్డాయి. నూట నాలుగో నమోదు 'నల్ల గండుచీమ'. పక్కన తను వేసిన బొమ్మను భూతద్దంతో చూస్తే కాళ్లు ఎనిమిదున్నాయి. చీమలా నడిచే సాలెపురుగు అది. ఎనిమిది కాళ్లూ తన చేత్తోనే గీసి, కింద చీమ అని రాసుకుంది! ఆ రోజు ఒక్కతే కూర్చుని నవ్వింది. తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు. తేనెటీగలని రాసినవాటిలో మూడు వట్టి పూలఈగలు. నాలుగు రెక్కలుండాల్సిన చోట రెండే ఉన్నాయి.

వంటింటి అరల్లో సీసాలు చేరాయి. చచ్చిన మాను మీద అరలా పుట్టే గట్టి పుట్టగొడుగును కోస్తే లోపల తెల్లటి పురుగులు కనిపించేవి. అవి పెరిగి ఏ పెంకుపురుగు అవుతాయో నడక పుస్తకంలో ధీమాగా రాసి ఉంది. నిజంగా ఏమవుతాయో చూద్దామని ముక్కను సీసాలో వేసి, మూతికి పలచని గుడ్డ కట్టి, తేదీ అంటించింది. ప్రతి పొద్దునా అచ్చాఫీసుకు వెళ్లేముందు చూసేది.

"ఈ ఇంట్లో నాకు తప్ప అన్నిటికీ చీటీ అంటించావు" అన్నాడు భర్త ఒకరోజు, పంచదార డబ్బా కోసం వెతుకుతూ.

"మీరు తెలిసిన రకమేగా."

"ముప్ఫై ఏళ్లయింది. పొడి అచ్చు తీసి చూసుకోరాదూ?"

నలభై ఒకటో రోజున సీసాలో కదలిక కనిపించింది. బయటికొచ్చింది పెంకుపురుగు కాదు, నువ్వుగింజంత కందిరీగ! పురుగును లోపలినుంచి తినేసి వచ్చిందని ప్రొఫెసరమ్మ చెప్పింది. ప్రూఫక్క ఉసూరుమంది. మళ్లీ ఆ మాను దగ్గరికి వెళ్లి ఇంకో ముక్క తెచ్చి మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి యాభై ఆరు రోజులు పట్టింది. గోధుమరంగు చిన్న పెంకుపురుగు వచ్చింది. పుస్తకంలో రాసినది కాదు. ఆమె పాత పేరు మీద గీత గీసి, కొత్తది రాసి, కందిరీగను కూడా నాలుగు వందల పదమూడో నమోదుగా చేర్చింది.

ఈలోగా నడకవాళ్లు పలచబడ్డారు. హాయిగా నాలుగడుగులు వేద్దామని వచ్చేవాళ్లకు, అడుగడుక్కీ 'ఆధారం ఏది?' అని అడిగే మనిషితో విసుగేసింది. బ్యాంకు ఆవిడ మొహం మీదే అనేసింది, "ఇది నడక కాదక్కా, ఆడిట్." ఒక ఆదివారం మాస్టారూ తనూ తప్ప ఎవరూ రాలేదు. ఆ రోజే వాళ్లిద్దరికీ తేడా వచ్చింది.

పుస్తకంలో మొదటి నమోదు మాస్టారిది. అరచెయ్యంత లేతాకుపచ్చ చిమ్మట, రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటిది, వెనక రెక్కలకు రెండు పొడవాటి తోకలు. ఆ తోటలో ఆయన ఒక్కరే చూశారు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు ఆ కథే చెప్పేవారు.

"మాస్టారూ, దీనికి ఫొటో ఏమైనా ఉందా?"

"నేను చూశానమ్మా."

"మళ్లీ ఎప్పుడైనా కనిపించిందా?"

"ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. నా మాట ఆధారం కాదా?"

ఆమె కలం కాసేపు ఆగింది. ఆయన చెయ్యి పట్టుకుని నడక నేర్పినట్టే నేర్పారు ఇదంతా. అయినా 'తెలియదు' గడిలోనే టిక్కు పెట్టింది. మాస్టారు గొడుగు తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయారు.

అయిదు నెలలు ఆయన రాలేదు. ఆమె ఒక్కతే వెళ్లేది. ఎండలో వెళ్లింది, ముసురులో వెళ్లింది, మోకాలు వాచిన వారం కూడా గేటు దగ్గర పొదలదాకా వెళ్లి రెండు నమోదులు సరిచూసుకుని వచ్చింది. తోటమాలి దూరంనుంచి చూసేవాడు. పలకరించేవాడు కాదు. ఒకసారి మాత్రం ఆమె వెతుకుతున్న మానును ఎవరో నరికి వంటచెరకుగా పోగేస్తుంటే వద్దని ఆపి, దాన్ని దొర్లించి పక్కన పెట్టించాడు. ఆ సంగతి ఆమెకు నెల తర్వాత అతని భార్య చెబితే తెలిసింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు మాస్టారు ఆమె ఇంటికొచ్చారు. చంకలో అట్ట ఊడిపోయిన పాత డైరీ. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు మాట్లాడారు.

"నిన్ను తప్పని నిరూపిద్దామని అటక మీది డైరీలన్నీ దింపానమ్మా. ఆ చిమ్మటను నేను చూసింది నిజం. కానీ ఇక్కడ కాదు. మొదట పనిచేసిన ఊళ్లో, హాస్టలు గోడ మీద. తేదీతో సహా నా చేతిరాతే ఉంది. ఇన్నేళ్లూ ఇక్కడే చూశానని ఒట్టేసి చెప్పగలిగేంతగా నమ్మాను." ఆయన డైరీ ఆమె ముందుకు జరిపారు. "కొట్టెయ్యి."

"కొట్టెయ్యనండి. చదవడానికి వీలుగా సన్నగా గీత గీసి, పక్కన మీరు చెప్పింది రాస్తాను."

"రాయి. నేనే చెప్పానని కూడా రాయి."

ఆ ఆదివారంనుంచి ఆయన మళ్లీ వచ్చారు. పేరు నోటిదాకా వచ్చినా ఆపుకుని, "ఏమో, చూద్దాం" అనడం అలవాటు చేసుకున్నారు. అది ఆ వయసులో అంత తేలిక కాలేదు. ఒక్కోసారి పెదవి కొరుక్కునేవారు. కానీ ఆయన అలా అనడం మొదలుపెట్టాక, పక్కనున్నవాళ్లు తామే వంగి చూడసాగారు. బ్యాంకు ఆవిడ తిరిగొచ్చింది, కొత్తవాళ్లు నలుగురు కలిశారు.

మొత్తం రెండేళ్ల రెండు నెలలు పట్టింది. నాలుగు వందల పన్నెండులో రెండు వందల యాభై ఎనిమిది నిలిచాయి. డెబ్భై మూడు తప్పులు. ఎనభై ఒకటి 'తెలియదు'. ప్రూఫక్క వాటన్నిటినీ పదకొండు కాగితాల మీద శుభ్రంగా రాసింది. పైన 'నడక పుస్తకానికి తప్పొప్పుల పట్టిక' అని పెట్టి, తోటమాలి గుమ్మం ముందు నిలబడింది.

"బోర్డు తెరుస్తావా నాయనా? నువ్వు వద్దంటే గేటుకే కట్టుకుంటాను."

అతను కాగితాలు తీసుకుని అక్కడే నిలబడి చదివాడు. పదకొండూ చదివాడు. ఆమె ఎండలో నిలబడింది.

"తినొచ్చనే మాట ఎక్కడా లేదు కదా మేడం?"

"లేదు. ఇక ఎప్పటికీ ఉండదు."

"అయితే రండి" అని లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చాడు. తుప్పుపట్టిన తాళం ఓ పట్టాన రాలేదు. నూనె పోసి, రాయితో తట్టి తెరిచాడు. మేకులు తనే కొట్టాడు.

అరుగు మీదనుంచి అతని తల్లి అంతా చూస్తూనే ఉంది. "ఏంట్రా అంత రాసింది?" అని కేకేసింది.

"తెలియదని రాసిందమ్మా, ఎనభై ఒక్క చోట్ల."



మరుసటి ఆదివారం నడకవాళ్లు గేటు దగ్గర చేరేసరికి ఆ పెద్దావిడ కర్ర ఊతంతో ఎదురొచ్చింది. రెండో చేతిలో కాగితం పొట్లం. ప్రూఫక్క ముందు దాన్ని కొంచెంగా విప్పింది. లోపల రాగిరంగు వీపున్న పురుగొకటి కాళ్లు ముడుచుకుని ఉంది.

"దీన్ని రాసుకో. చచ్చినట్టు నటిస్తోంది గానీ చావలేదు."

ప్రూఫక్క పుస్తకం తెరిచింది. "ఎక్కడ దొరికింది పెద్దమ్మా?"

"నీళ్లకుండ వెనక, తడిగోడ మీద."

"ఎన్నింటికి?"

"ఎన్నింటికో నాకేం తెలుసు? గడియారం చూసి పురుగులు పడతారా ఎవరైనా? కోడలు పొయ్యి వెలిగించకముందు."

"సరే, అలాగే రాస్తాను" అంది ప్రూఫక్క. రాసి, పురుగును భూతద్దం కింద తిప్పి చూసింది. మాస్టారు కూడా వంగారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంతకీ అదేంటి?" అంది పెద్దావిడ.

"ఇంకా తెలియదు పెద్దమ్మా. ప్రొఫెసరమ్మకు పంపి కనుక్కుంటాను."

"కనుక్కో. తెలిశాక వచ్చి చెప్పు, నేనిక్కడే ఉంటాను" అని ఆవిడ కర్ర తాటించుకుంటూ ఇంటివైపు తిరిగింది.